పిల్లి మాస్టారూ, బేతాళుడూ, ఒక జమానతూ

పోయిన దసరాకి అమ్మ విజయనగరం నుంచి మా దగ్గరికి జగదల్‌పూర్ వచ్చింది. కొత్తవలసలో కిరండూల్ రైలెక్కి, అరకు సొరంగాలన్నీ దాటుకుని దిగింది. బస్తర్ దసరా 75 రోజుల పండగ కాబట్టి ఎప్పుడొచ్చినా ఏదో ఒకటి చూడొచ్చని చెప్పి రప్పించాను. తీరా వచ్చాక ఆవిడ రథం కంటే ఎక్కువసేపు చూసింది మా అమ్మాయి చేతిలోని పుస్తకాన్ని.

"ఏటమ్మా ఇది, పుస్తకం ఎనకనుంచి చదువుతున్నావు?"

మాది తొమ్మిదో తరగతి. నాకు నాలుగు ట్రాన్స్‌ఫర్లయితే దానికి నాలుగు స్కూళ్లయ్యాయి. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ కూడబలుక్కుంటూ తప్ప చదవలేదు. చదివేదంతా ఇంగ్లీషే, అందులోనూ ముప్పాతిక వంతు జపాన్ బొమ్మల కథలు. వాటిని మాంగా అంటారు. మన సిబ్బంది ఇళ్లలో ఆ వయసు పిల్లలుంటే ఈ మాట మీ చెవినా పడే ఉంటుంది. నేనూ మొదట్లో "ఆ బొమ్మల పుస్తకాలు పక్కన పెట్టి చదువుకో" అనే పార్టీయే. ఈ వ్యాసం రాస్తున్నానంటే పార్టీ మారినట్టే అనుకోండి.

జపాన్ పుస్తకాలు కుడి నుంచి ఎడమకి సాగుతాయి. మనకి చివరి అట్టలా కనిపించేదే వాళ్లకి మొదటి అట్ట. ఇంగ్లీషులోకి తెచ్చిన తొలి రోజుల్లో అమెరికా ప్రచురణకర్తలు, పాఠకులు తికమకపడతారని బొమ్మల్ని అద్దంలో చూపినట్టు తిరగేసి అచ్చు వేసేవారు. చదవడానికి సుఖంగానే ఉండేది, కానీ కుడిచేత్తో కత్తి పట్టేవాడు ఎడమచేతి వాటం మనిషైపోయేవాడు. అంతకంటే పెద్ద చిక్కు బట్టలతో వచ్చింది. కిమోనో వేసుకునేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది శవానికి మాత్రమే. అంటే బొమ్మ తిరగేస్తే కథలో బతికున్నవాళ్లంతా చచ్చినవాళ్లలా కనిపిస్తారన్నమాట. అదే దయ్యాల కథైతే ఇంక చెప్పేదేముంది! 2002 ప్రాంతంలో టోక్యోపాప్ అనే ప్రచురణ సంస్థ ఇక తిరగేసేది లేదని జపాన్ పద్ధతిలోనే వేయడం మొదలుపెట్టింది. పిల్లలు నాలుగు రోజుల్లో అలవాటు పడిపోయారు. పాఠకుడికి కష్టమవుతుందని మనం ముందే అనుకునేవాటిలో సగం వాడికి కష్టమే కాదు.

మా అమ్మాయి చదువుతున్నది యుకి మిదోరికావా అనే రచయిత్రి రాసి, బొమ్మలు గీసిన కథల వరస. జపాన్‌లో 2005లో మొదలైంది, 2008లో యానిమేషన్ సీరియల్‌గా వచ్చింది, 2010 నుంచి ఇంగ్లీషు సంపుటాలు దొరుకుతున్నాయి. ఇంగ్లీషు పేరు 'నత్సుమెస్ బుక్ ఆఫ్ ఫ్రెండ్స్'.

కథ చిన్నదే. నత్సుమె తల్లీతండ్రీ లేని కుర్రాడు. ఒక చుట్టం ఇంటి నుంచి ఇంకో చుట్టం ఇంటికి మారుతూ పెరిగాడు. వాడికి ఇతరులకు కనపడని శక్తులు కనిపిస్తాయి. ఆ సంగతి చెబితే అందరూ అబద్ధాలకోరు అన్నారు. చనిపోయిన రెయికో అనే గ్రాండ్‌మదర్ వదిలిన ఒక పుస్తకం వాడి చేతికొస్తుంది. ఆవిడకీ ఆ శక్తులు కనిపించేవి. మనుషుల్లో స్నేహితులు లేక, వాటితో పందేలు కట్టి గెలిచి, ఓడినదాని పేరు కాగితం మీద రాయించి దాచుకుంది. పేరు ఎవరి దగ్గరుంటే ఆ శక్తి వాళ్ల మాట వినాలి. మనవడు అధికారం చెలాయించకుండా, వచ్చినవాళ్లకి వచ్చినట్టు ఎవరి పేరు వాళ్లకి తిరిగి ఇచ్చేస్తుంటాడు. ఆ కాగితం నోట కరుచుకుని ఊపిరి వదిలితే అక్షరాలు లేచి సొంతదారు దగ్గరికి వెళ్లిపోతాయి. తిరిగి ఇచ్చే ప్రతిసారీ రెయికో జ్ఞాపకం ఒకటి వాడి కళ్ల ముందు మెదులుతుంది.

ఇక్కడే నాలోని బ్యాంకు మనిషి లేచి కూర్చున్నాడు. జపనీస్‌లో ఈ వరస పేరు 'నత్సుమె యూజిన్‌చో'. యూజిన్ అంటే స్నేహితుడు. 'చో' అంటే ఉత్త పుస్తకం కాదు, పేర్లో పద్దులో రాసిపెట్టుకునే పుస్తకం. జపాన్‌లో మన పాస్‌బుక్కుని 'త్సూచో' అంటారు, లెడ్జర్‌ని 'చోబో' అంటారు. ఈ మూడింట్లోనూ ఉన్నది ఒకటే 'చో'. ఇంగ్లీషులో 'బుక్' అనగానే ఆ వాసన పోయింది. తెలుగులో 'స్నేహితుల ఖాతా' అంటే చాలు, మొత్తం తిరిగొస్తుంది. చెల్లించాల్సినవి ఉన్నాయి, అసలు ఖాతాదారు పోయారు, వారసుడి చేతికి పుస్తకం వచ్చింది, హక్కుదార్లు ఒక్కొక్కరే తలుపు తడుతున్నారు. పదేళ్లు కదలిక లేని డిపాజిట్లని 2014 నాటి పథకం కింద రిజర్వ్ బ్యాంకు నిధికి పంపడం, ఆ తర్వాత కూడా సొంతదారో వారసుడో వస్తే వెతికి ఇవ్వడం మనకి కొత్త కాదు. అలాంటి డిపాజిట్లని జనమే వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ పోర్టల్ కూడా వచ్చింది. మా అమ్మాయికి ఇదంతా చెబితే, "నాన్నా, ప్లీజ్, దీన్ని కూడా బ్యాంకు చెయ్యకు" అంది.

నాకు జపనీస్ రాదు. ఈ మాటల అర్థాలు అమ్మాయి చెప్పగా, నిఘంటువు చూసి సరిపోల్చుకున్నవే. అసలు ఆ పని ఎందుకు పెట్టుకోవాల్సి వచ్చిందంటే, నాన్నమ్మకి ఆ కథ కావాలి. "నువ్వు అంతలా నవ్వుకుంటున్నావు కదా, నాకూ చెప్పు" అంది అమ్మ. కళ్లకి శుక్లాల ఆపరేషన్ అయింది, సన్న అక్షరాలు చదవలేదు. దాంతో రోజూ రాత్రి భోజనాలయ్యాక మనవరాలు ఇంగ్లీషు చూసి తెలుగులో చెప్పడం, నాన్నమ్మ మధ్యలో ఆపడం మొదలైంది. ఆవిడ ఆపిన ప్రతిచోటా ఒక అనువాద సమస్య ఉందని నాకు నాలుగు రోజులకి అర్థమైంది.

మొట్టమొదటి ప్రశ్న, "రెయికో వాడికి అమ్మమ్మా, నాన్నమ్మా?"

ఇంగ్లీషులో గ్రాండ్‌మదర్ అంటే సరిపోతుంది. తెలుగులో ఆ ఒక్క మాట తేల్చకుండా మొదటి పేజీ కూడా దాటలేం. జపనీస్ మాటా ఇంగ్లీషులాగే ఈ తేడా చెప్పదు. మనవరాలు ముందువెనకలు తిరగేసి చివరికి అమ్మమ్మ అని ఖాయం చేసింది. నాన్నమ్మ కాస్త నిరాశపడిందనే నా అనుమానం.

రెండో చిక్కు పిల్లి. కథలో మదర అనే మహాశక్తిమంతమైన ప్రాణి ఒకటుంది. చాలాకాలం ఒక పిల్లి బొమ్మలో బందీగా ఉండిపోవడంతో మామూలుగా ఆ రూపంలోనే తిరుగుతుంది. జపాన్ దుకాణాల్లో గల్లాపెట్టె పక్కన చెయ్యెత్తి కూర్చునే అదృష్టపు పిల్లి బొమ్మ ఉంటుందే, అలా గుండ్రంగా, బొద్దుగా. నత్సుమెకి అంగరక్షకుడు, తిండిపోతు, తాగుబోతు, గర్విష్ఠి. దీన్ని కుర్రాడు 'న్యాంకో సెన్సెయ్' అంటాడు. న్యాంకో అంటే పిల్లిని ముద్దుగా పిలిచే మాట. సెన్సెయ్ అంటే గురువు. ఇంగ్లీషువాళ్లకి 'టీచర్' అని పిలిచే గౌరవపు పిలుపు అంతగా లేదు కాబట్టి సెన్సెయ్‌ని అలాగే ఉంచేశారు. మరి మనకో? అమ్మ క్షణం ఆలోచించలేదు.

"పిల్లి మాస్టారు."

అంతే. గౌరవం ఉంది, వెటకారం ఉంది, ఊళ్లో ప్రతివాళ్లకీ తెలిసిన పిలుపు కూడా ఉంది. మాస్టారు అన్నది ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటే అయినా, ఆ పని ఇంగ్లీషులో చెయ్యలేకపోయింది, తెలుగులోకి వచ్చాక చేస్తోంది.

అసలు చిక్కు మూడోది. ఆ కనపడని శక్తుల్ని జపనీస్‌లో 'యోకాయ్' అంటారు. వాటిలో మంచివీ చెడ్డవీ ఉంటాయి. వాడి పారేసిన గొడుగు యోకాయ్ కావచ్చు, నక్క కావచ్చు, చెరువు కావచ్చు. ఇంగ్లీషులో దీనికి ఇన్నేళ్లుగా వాడని మాట లేదు, డెమన్, గోస్ట్, గోబ్లిన్, మాన్‌స్టర్, స్పిరిట్. డెమన్ అనగానే చర్చి భాషలోని సైతాను పరివారం గుర్తొస్తుంది. గోస్ట్ అంటే చచ్చిపోయిన మనిషి. ఏదీ అతకదు. ఈ పుస్తకాల అనువాదకురాలు యోకాయ్‌ని యోకాయ్‌గానే వదిలేసింది, అదే మంచి పని. మా అమ్మాయి మాత్రం నాన్నమ్మకి చెప్పేటప్పుడు సులువుగా 'దయ్యం' అంది.

"దయ్యమైతే చచ్చినోళ్లు కదే. ఈ గొడుగు ఎప్పుడు చచ్చింది?"

తర్వాత అరగంట మా హాల్లో నడిచిన చర్చ ఏ సెమినార్‌కీ తీసిపోదు. కొరివి దయ్యం వేరు, కామినీ పిశాచం వేరు, బ్రహ్మరాక్షసుడు వేరు, శాకినీ ఢాకినీ వేరు. భూతం అంటే కొంచెం పెద్ద సైజు. యక్షులు, గంధర్వులు గౌరవనీయులు. ఊరి పొలిమేరలో ఉండేవాళ్లు అసలు ఈ లెక్కలోకే రారు, వాళ్లు దేవతలు. మా అమ్మాయి నోరు తెరుచుకుని విన్నది. జపాన్ యోకాయ్‌ల పేర్లు పాతిక చెప్పగల పిల్లకి, సొంత నాన్నమ్మ దగ్గర ఇంత పెద్ద జాబితా ఉందని అప్పటిదాకా తెలియదు. అడిగినవాళ్లు లేరు కాబట్టి ఆవిడా చెప్పలేదు.

అప్పుడు నాకు బేతాళుడు గుర్తొచ్చాడు. నా తరం వాళ్లందరికీ మాంగా అంటే చందమామే కదా. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి తెలుగు, తమిళాల్లో మొదలుపెట్టిన ఆ పత్రిక తర్వాత డజను భాషలకు పైగా పాకింది. సంతాలీలో కూడా వచ్చింది. 1952 నుంచి చాలాకాలం నడిపినవారు కొడవటిగంటి కుటుంబరావు. భుజాన శవంతో, చేత కత్తితో శ్మశానం నుంచి నడిచి వచ్చే విక్రమార్కుడి బొమ్మ శంకర్ గారిది. ఆయన 2020లో కన్నుమూశారు. సంస్కృతంలో ఉన్న బేతాళ కథలు పాతికే. చందమామ ఆ చట్రం అలాగే ఉంచి, లోపల కొత్త కథలు అమర్చుకుంటూ వందల కొద్దీ నడిపింది. అతీంద్రియ కథల వరస, నెలనెలా సీరియల్, బొమ్మలు, తర్వాత ఇతర భాషల్లోకి అనువాదం. జపాన్‌వాళ్లు చేసిందీ ఇదే కదా!

ఇంగ్లీషు చందమామ 1955లో వచ్చింది. అందులో మన బేతాళుడు చాలా ఏళ్లపాటు 'వాంపైర్' పేరుతోనే కొనసాగాడు. ఈ పేరు చందమామ పెట్టింది కాదు. 1870లో రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లీషాయన బైతాల్ పచీసీ కథల్ని తనకి తోచినట్టు మార్చి 'విక్రమ్ అండ్ ది వాంపైర్' అని పుస్తకం వేశాడు. అక్కడి నుంచి ఆ పేరు అతుక్కుపోయింది. వాంపైర్ రక్తం తాగుతుంది. మన బేతాళుడు ఏనాడైనా ఒక్క చుక్క తాగాడా? శవంలో దూరి, చెట్టుకి వేలాడి, మోసుకెళ్లేవాడికి విసుగు పుట్టకుండా కథ చెప్పి, చివర్లో న్యాయం ఎటుందని అడిగే మేధావి అతను. ఒక రకంగా చెప్పాలంటే ఇంటర్వ్యూ బోర్డు మెంబరు. పైగా చివరికి రాజు ప్రాణం కాపాడేదీ అతనే, ఆ భిక్షువు చేసే మోసాన్ని బయటపెట్టి.

బర్టన్‌ని మరీ తిట్టడానికీ లేదు. డ్రాక్యులా నవల వచ్చింది 1897లో. 1870లో వాంపైర్ అంటే ఇప్పటి సినిమా బొమ్మ ఇంకా గట్టిపడలేదు. మాట అక్కడే ఉండి, దాని అర్థం కింద నుంచి జరిగిపోయింది. కథాసరిత్సాగరాన్ని 1880-84 మధ్య ఇంగ్లీషులోకి తెచ్చిన టానీ మాత్రం వేతాళుణ్ణి వేతాళుడిగానే ఉంచాడు. 1917లో ఆర్థర్ రైడర్ 'ట్వెంటీ టూ గోబ్లిన్స్' అన్నాడు. ఒకే శవం, మూడు పేర్లు. ఇందులో నా ఓటు టానీకి. యోకాయ్‌ని యోకాయ్‌గా ఉంచిన అనువాదకురాలు నూట ముప్పై ఏళ్ల తర్వాత చేసింది అదే పని.

దీనికి ఎదురు కథ కూడా ఒకటుంది. 1964లో మొదలైన ఇంద్రజాల్ కామిక్స్‌లో ఫాంటమ్ అనే అమెరికా వీరుణ్ణి హిందీలో 'వేతాళ్' అన్నారు. మా బ్రాంచిలో ఈ ఏడాదే రిటైరైన ఒక సీనియర్, జగదల్‌పూర్ మనిషి, వేతాళ్ అంటే ముసుగు, గుర్రం, పుర్రె ఉంగరం అంటాడు. నేను చెట్టు, శవం, ప్రశ్న అంటాను. ఇద్దరం ఒకే మాట వాడుతున్నాం.

పిలుపుల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషు అనువాదాలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే అని నా అభిప్రాయం. జపనీస్‌లో పేరు చివర సాన్, కున్, చాన్, సామ అని చేరుస్తారు. ఏది చేర్చారన్న దాన్నిబట్టి ఇద్దరి మధ్య దూరమెంతో తెలిసిపోతుంది. ఒకప్పుడు ఇంగ్లీషులో ఇవన్నీ ఎగరగొట్టేవారు, ఇప్పుడు కొందరు ఉంచుతున్నారు. తీసేస్తే అందరూ అందరికీ ఒకే దూరంలో నిలబడతారు. మనకి గారు, అండీ, ఒరేయ్, ఏమే, అమ్మా ఉన్నాయి కాబట్టి మనకి హాయి అనుకున్నాను. కానీ నత్సుమెని పెంచుకుంటున్న దంపతుల దగ్గరికొచ్చేసరికి బండి ఆగింది. వాళ్లు చాలా మంచివాళ్లు. వాడు ఆవిణ్ణి 'తోకో-సాన్' అంటాడు, ఆయన్ని 'షిగెరు-సాన్' అంటాడు. అమ్మ అనడు, నాన్న అనడు. అనాలని ఉంటుంది, అనలేడు. ఆ సంకోచమే ఈ కథలో సగం.

తెలుగులో 'తోకో గారూ' అంటే? ఏ పిల్లాడూ అన్నం పెట్టే ఆవిణ్ణి పేరుతో పిలవడు. పిన్నీ, అత్తయ్యా అంటాడు. పోనీ 'పిన్నీ' అని పెడితే ఆ ఒక్క మాటతో దూరమంతా చెరిగిపోయి, ఇక చెప్పడానికి కథే మిగలదు. మా ఇంట్లో దీని మీద రెండు రాత్రులు గడిచాయి. అమ్మ తేల్చింది, "ఏమీ పిలవకుండా మాట్లాడేలా చెప్పు. కొత్తగా దత్తత వెళ్లిన పిల్లలు అలాగే ఉంటారు. ఏమని పిలవాలో తెలీక, దగ్గరికొచ్చి నిలబడి మాట్లాడతారు." ఆ ఉపాయం ఏ అనువాదశాస్త్రంలో ఉందో నాకు తెలియదు. ఆవిడ చిన్నచెల్లెలు దత్తత వెళ్లింది.

చప్పుళ్లు త్వరగా దాటేస్తాను. జపనీస్ బొమ్మల్లో చప్పుడు అక్షరాలు బొమ్మలో భాగంగా ఉంటాయి, నిశ్శబ్దానికి కూడా 'షీన్' అని ఒక చప్పుడు ఉంటుంది! గుండె 'దోకిదోకి' అంటుంది. ఇంగ్లీషు దగ్గర బూమ్, బ్యాంగ్, థడ్ లాంటివి ఒక పిడికెడు. దడదడ, గలగల, చిటపట, తళుక్కు, గుడగుడ అంటూ జంటగా పోయే మన మాటలకి ఈ పని పుట్టుకతో వచ్చింది. మా అమ్మాయి ఎక్కడా తడుముకోని భాగం ఇదొక్కటే.

మొదటి సంపుటంలో ఒక చిన్న దేవుడి కథ ఉంది. గుడిలో అరచేతిలో పట్టేంత దేవుడు. ఒకప్పుడు పెద్దగానే ఉండేవాడు. కొలిచేవాళ్లు తగ్గిన కొద్దీ చిన్నవాడైపోయాడు. చివరికి హానా అనే ముసలావిడ ఒక్కర్తే వచ్చి పండో ఏదో పెట్టి దణ్ణం పెట్టి వెళ్తుంటుంది. ఆవిడ పోయిన రోజు ఆయనా పోతాడు. దేవుడి పేరు 'త్సుయుకామి', ఇంగ్లీషులో డ్యూ గాడ్. అమ్మాయి 'మంచు దేవుడు' అంది. నాకు వెంటనే హిమాలయాలు కనిపించాయి. మన మంచు చాలా పని చేస్తుంది, తెల్లారి గడ్డి మీద పడేదీ అదే, కొండ మీద గడ్డకట్టేదీ అదే, రోడ్డు కనపడకుండా కమ్మేదీ అదే. అమ్మ మాత్రం "మంచుబొట్టు దేవుడు" అంది. ఎండ వస్తే పోతాడు కదా మరి, అని కూడా అంది. కథ చివరిదాకా ఇంకా మేం చెప్పనేలేదు. ఇంగ్లీషు మాట కంటే ఇది బాగుందని నేను ఒట్టేసి చెప్పగలను.

ఆ రాత్రి అమ్మకి కేశ్‌కాల్ సంగతి చెప్పాను. జగదల్‌పూర్ నుంచి రాయపూర్ వెళ్లే దారిలో, ఘాట్ దగ్గర, భంగారామ్ దేవి గుడి ఉంది. భాద్రపదంలో అక్కడ జాతర జరుగుతుంది. చుట్టుపక్కల గ్రామాల దేవుళ్లని అక్కడికి తీసుకొస్తారు, వాళ్ల మీద విచారణ జరుగుతుంది. వానలు కురిపించలేదని, జబ్బు ఆపలేదని జనం ఫిర్యాదు చేస్తారు. తప్పు తేలిన దేవుడికి శిక్ష పడుతుంది, గుడిలో స్థానం పోయి బయట ఉండాల్సి వస్తుంది. తీరు మార్చుకుంటే తిరిగి తీసుకుంటారు. ఆ దేవి ఓరుగల్లు నుంచి వచ్చిందని అక్కడ చెప్పుకుంటారు. బస్తర్ రాజవంశం కూడా కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడితో మొదలైందన్నది ఇక్కడి సంప్రదాయం. భంగారామ్ అన్న పేరు చెవిన పడగానే అమ్మ "మన బంగారమ్మే" అని తేల్చేసింది. అవునో కాదో పండితులు చూసుకోవాలి.

ఇంగ్లీషు పత్రికలు ఈ జాతర గురించి రాసేటప్పుడు 'ట్రయల్', 'కోర్టు' అంటాయి, అంతవరకు నడుస్తుంది. కానీ సిర్హాని 'విచ్ డాక్టర్' అని రాసినప్పుడు చిరాకేస్తుంది. సిర్హా అంటే దేవత పూనే మనిషి. బస్తర్ దసరా మొదలవడానికి కాఛన్ దేవి అనుమతి ఇవ్వాలి. ముళ్ల ఊయల మీద పడుకోబెట్టిన ఒక చిన్న పిల్ల మీదికి దేవి వచ్చి, రాజకుటుంబానికి ఆ అనుమతి ఇస్తుంది. దీన్ని 'దయ్యం పట్టడం' అని ఎవరైనా అనువదిస్తే బేతాళుణ్ణి వాంపైర్ చేసినట్టే. నలుగురు భుజాన మోసే కర్ర దూలాల రూపంలో ఉండే ఆంగా దేవ్‌ని 'టోటెమ్' అనేస్తే అదీ అంతే. గోండీలో దేవుడికి 'పెన్' అని చక్కటి మాట ఉంది. గోండీ మన భాషకి దాయాది. వాళ్లు నీళ్లని 'యేర్' అంటే నాకు ఏరు వినిపిస్తుంది. ఇన్నాళ్లు ఇక్కడున్నా ఆ భాషలో నాకు వచ్చినవి పాతిక మాటలు మించవు. ఆ లోటు ఖరీదెంతో ఒక రైతు నాకు చూపించాడు.

రెండేళ్ల కిందటి మాట. ట్రాక్టర్ లోను కోసం ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, నీటి వసతి ఉన్న పొలం, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇంట్లో గోండీ, సంతలో హల్బీ, హిందీ కొద్దిగా. నేనే కూర్చోబెట్టి హిందీలో వివరంగా చెప్పాను, "దాదా, ఒక జమానత్‌దార్‌ని తీసుకురండి" అన్నాను. ఫారంలో ఉన్న మాట అదే. ఆయన తలూపి లేచాడు. మళ్లీ రాలేదు.

వానలు పడ్డాయి, దుక్కి సీజన్ అయిపోయింది. ఒకరోజు మా బ్యాంక్ మిత్ర, ఆ పక్క ఊరి అమ్మాయి, మాటల్లో చెప్పింది, "సార్, ఆయన మీరు జమానత్ అడిగారని భయపడ్డాడు. నేనేం నేరం చేశానని జమానత్ అంటున్నారని ఇంట్లో అడిగాడట." హిందీలో జమానత్ అంటే హామీయే, కానీ అడవి పల్లెల్లో మనుషులకి ఆ మాట వినపడేది కోర్టు గుమ్మంలోనే, బెయిలు అనే అర్థంలో. ఎవరి కొడుకో లోపల ఉంటే, జమానత్ కోసం ఎవరో పొలం అమ్ముకుంటే, అప్పుడు వినపడే మాట అది. నేను పొరపాటు మాట అనలేదు. నిఘంటువు ప్రకారం సరైనదే అన్నాను. ఆయన ఆ ఏడాది అద్దె ట్రాక్టర్‌తో ఆలస్యంగా దున్నించుకున్నాడు.

ఆయన దగ్గరికి వెళ్లాం, బ్యాంక్ మిత్రా నేనూ. ఈసారి ఏ మాట వాడాలన్నది ప్రశ్న. 'గవాహ్' అందామని ఒకరన్నారు, సాక్షి అని. మెత్తగా ఉంది, ఎవరూ భయపడరు. కానీ అది మోసం. సాక్షి చూసి సంతకం పెట్టి వెళ్లిపోతాడు. హామీదారు అవసరమైతే అప్పు కట్టాలి. భయపెట్టే మాటని తీసేసి అబద్ధం చెప్పే మాట పెడితే, రేపు ఆ హామీదారు ఇంటికి నోటీసు వెళ్లినప్పుడు ఆయన ఏమనుకోవాలి? చివరికి ఆ అమ్మాయే ఒక్క మాట కోసం వెతకడం మానేసి హల్బీలో ఒక వాక్యం చెప్పింది. దాని భావం, 'నువ్వు కట్టలేకపోతే నీ బదులు కడతానని ఒప్పుకునే మనిషి కావాలి'. రైతు కాసేపు ఆలోచించి, "అలాంటివాడు నా బావమరిది ఒక్కడే" అన్నాడు. మరుసటి వారం ఇద్దరూ వచ్చారు. వచ్చినవాడికి తను దేనికి సంతకం పెడుతున్నాడో తెలుసు. మా బ్రాంచి కౌంటర్ దగ్గర ఆ వాక్యం ఇప్పుడు దేవనాగరి లిపిలో, హల్బీలో రాసి అతికించి ఉంది. ఎంబీఏలో 'లోకలైజేషన్' అని ఒక పేపర్ చదివి మంచి మార్కులే తెచ్చుకున్నాను. అందులో బావమరిది ప్రస్తావన లేదు.

ఇంతకీ ఆ ఇంగ్లీషు అనువాదం ఎలా ఉందని అడుగుతారా? తెలిసినంతలో చెబుతాను. బాగుంది. వాక్యాలు పిల్లల నోట పలికేలా ఉన్నాయి, ఎక్కడా అనువాదపు వాసన కొట్టదు. విప్పి చెబితే చెడిపోయే మాటల్ని జపనీస్‌లోనే ఉంచి, సంపుటం చివర వాటికి వివరణలు ఇచ్చారు. మా అమ్మాయి కథకంటే ముందు ఆ పేజీలే చదువుతుంది. పోయింది పేర్లలోని అర్థాలు, పిలుపుల్లోని దూరాలు, పుస్తకం పేరులోని ఖాతా. ఆ పోయినవాటిలో కొన్ని, ఇంగ్లీషు మీదుగా తెలుగులోకి వచ్చేసరికి మళ్లీ దొరకడం నాకు వింతగా తోచింది. నేరుగా జపనీస్ నుంచి తెలుగులోకి తెచ్చేవాళ్లుంటే ఇంకెన్ని దొరుకుతాయో! మన ఇళ్లలో పిల్లలు కొరియన్, జపనీస్ నేర్చుకుంటామంటే పరీక్షలకి పనికొస్తుందా అని అడుగుతాం. నేనూ అడిగాను. ఇప్పుడు అడగడం లేదు.

అమ్మ దీపావళి ముందు విజయనగరం వెళ్లిపోయింది. రైలెక్కేటప్పటికి రెండో సంపుటం సగంలో ఉన్నారు. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఫోన్‌లో నడుస్తోంది. మొన్న మనవరాలు ఒక నోటు పుస్తకం తెచ్చి, అట్ట మీద 'స్నేహితుల ఖాతా' అని తెలుగులో రాసి చూపించింది, ఖాతాలో వత్తు మరిచిపోయి. నాన్నమ్మ చెప్పిన పేర్లన్నీ, కొరివి దయ్యం మొదలుకుని, అందులో ఒక్కొక్క పేజీకి ఒక్కొక్కటి రాస్తుందట. వత్తు సంగతి నేను చెప్పలేదు. వచ్చే ఆదివారం వీడియో కాల్‌లో వాళ్ల నాన్నమ్మే పట్టుకుంటుంది.